హైస్కూల్లో ఒక ఆట నుంచి ఇంకో ఆటకి మారడం ఎలా: మొదటి ఆలోచన దగ్గర నుంచి మొదటి సీజన్ దాకా

నేను ఆరేళ్ళు స్విమ్మింగ్ చేసి తొమ్మిదో క్లాసులో రన్నింగ్‌కి మారాను. మొదటి రోజే 5 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తేశా, పక్కనవాళ్ళు రొప్పుతుంటే నాకు పెద్దగా ఆయాసం కూడా రాలేదు, కోచ్ మెచ్చుకున్నారు, ఇంక ఇది నా ఆటే అనుకుని రోజూ అంతే దూరం పరిగెత్తడం మొదలుపెట్టా. నాలుగో వారంలో కుడికాలు ముందు ఎముక మీద ఒక చోట వేలు పెడితే చాలు, ప్రాణం పోయేంత నొప్పి. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు, మొదలైందన్నారు డాక్టర్. రెండు నెలలు పరుగు బంద్. గుండె, ఊపిరితిత్తులు ఆరేళ్ళుగా నీళ్ళలో తయారై ఉన్నాయి, ఎముకలకి మాత్రం నేల దెబ్బ అప్పుడే కొత్త, ఆ సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఇదంతా రాస్తున్నా. ఆట మారినప్పుడు నీ దగ్గరున్నదంతా నీతో రాదు. కొంత వస్తుంది, కొంత పాత గ్రౌండ్‌లోనే ఉండిపోతుంది, కొంతయితే వెంట వచ్చి మరీ అడ్డం పడుతుంది. ఏది ఏదో ముందే తెలిస్తే సగం బాధ తప్పుతుంది.

స్టెప్ 1: అసలు ఎందుకు మారాలనుకుంటున్నావో కాగితం మీద రాయి

మనసులో అనుకుంటే కుదరదు, రాయాలి. "ఈ ఆట బోర్ కొడుతోంది" అని రాస్తే దాని కింద ఇంకో లైన్ రాయి, ఏది బోర్ కొడుతోంది అని. ఆటా? రోజూ పొద్దున్నే లేవడమా? ఒక టీమ్‌మేటా? కోచ్ అరిచే పద్ధతా? మ్యాచ్ ముందు వచ్చే భయమా? ఇవన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ వీటికి మందులు వేరు. కోచ్‌తో పడకపోతే వేరే కోచ్ దగ్గర అదే ఆట ఆడొచ్చు. మ్యాచ్ ముందు భయమైతే అది కొత్త ఆటలోకి కూడా నీ వెనకే వస్తుంది, దాని సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

చాలామంది విషయంలో అసలు కారణం అలసట. ఏడాది పొడుగునా ఒకే ఆట, సెలవు లేదు, ఒక టోర్నమెంట్ అయిపోతే ఇంకోటి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన రిపోర్ట్‌లో పిల్లలు తమ ముఖ్యమైన ఆట నుంచి వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తంలో నెల చొప్పున విడగొట్టి మూడు నెలలు విరామం తీసుకోవాలని రాశారు. నీకు ఆఖరిసారి నెల రోజులు విరామం ఎప్పుడు దొరికింది? గుర్తు రావట్లేదంటే ముందు ఆ విరామం తీసుకో. కనీసం రెండు మూడు వారాలు ఆట వైపు చూడకు. ఆ తర్వాత కూడా గ్రౌండ్ గుర్తొస్తే ఏమీ అనిపించకుండా, కొత్త ఆట గుర్తొస్తే మాత్రం కాళ్ళు నిలవకుండా ఉంటే అప్పుడు అది నిజంగా మారాలన్న కోరిక.

శరీరం మారడం కూడా సరైన కారణమే, దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అమ్మాయిల్లో సుమారు 12 ఏళ్ళకి, అబ్బాయిల్లో సుమారు 14 ఏళ్ళకి ఎత్తు చాలా వేగంగా పెరుగుతుంది, కొందరికి ఇంకా ముందు, కొందరికి ఆలస్యంగా. జిమ్నాస్టిక్స్‌లో గాల్లో తేలికగా తిరిగిన పిల్ల ఒక్క ఏడాదిలో బాగా పొడుగైతే అదే తిరుగుడు కష్టమవుతుంది, కానీ అదే ఎత్తు వాలీబాల్ నెట్ దగ్గరో రోయింగ్ పడవలోనో వరం.

ఇక్కడ రెండు విషయాలు మాత్రం సీరియస్‌గా చెప్తా. ఒకటి, ఎంత నిద్రపోయినా తీరని నీరసం, మాటిమాటికీ గాయాలు, అమ్మాయిలకి నెలసరి ఆగిపోవడం ఇలాంటివి ఉంటే ఆట మార్చే ముందు డాక్టర్ని కలువు, ఆడేదానికి సరిపడా తినకపోతే ఇలాగే అవుతుంది, ఆట మారినా అది తగ్గదు. రెండోది, కోచ్ గానీ సీనియర్ గానీ కొట్టడం, అసభ్యంగా తాకడం, బెదిరించడం చేస్తుంటే అది ఆట మారాలా వద్దా అన్న ప్రశ్న కానే కాదు. ఈ గైడ్ పక్కన పెట్టి ఇవాళే నువ్వు నమ్మే పెద్దవాళ్ళకి చెప్పు, సీజన్ అయ్యేదాకా ఆగొద్దు.

స్టెప్ 2: నీతో ఏం వస్తుందో చూసి కొత్త ఆట ఎంచుకో

ఫ్రెండ్ ఆడుతున్నాడని, టీవీలో బాగుందని కాకుండా, ముందు నీ పాత ఆట నీకేం ఇచ్చిందో లెక్క వేసుకో. ఆటల్లో కూడా చుట్టరికాలు ఉంటాయి. ఫుట్‌బాల్, హాకీ, బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఒక కుటుంబం, వీటిలో ఎదుటి టీమ్ ఏరియాలోకి చొచ్చుకెళ్ళాలి, ఖాళీ ఎక్కడుందో పసిగట్టే కన్ను ఒకదాంట్లో వస్తే ఇంకోదాంట్లో పనికొస్తుంది. టెన్నిస్, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, వాలీబాల్ నెట్ ఆటలు, ఎదుటివాడి భుజం కదలిక చూసి బంతి ఎక్కడికొస్తుందో ఊహించడం అన్నిటిలోనూ ప్రాణం. క్రికెట్, బేస్‌బాల్ ఒక జట్టు. పరుగు, ఈత, సైక్లింగ్, రోయింగ్ గడియారంతో పోటీపడే ఆటలు, ఊపిరి కాలిపోతున్నా వేగం తగ్గించకుండా ఉండే ఓర్పు వీటి ఉమ్మడి ఆస్తి. కుస్తీ, జూడో, బాక్సింగ్ లాంటివి ఇంకో కుటుంబం.

దగ్గరి చుట్టాల్లోకి వెళ్తే తొందరగా కుదురుకుంటావు. అలాగని దూరం వెళ్ళకూడదని కాదు. హకీమ్ ఒలాజువాన్ నైజీరియాలో చిన్నప్పుడు ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడేవాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. టీనేజ్‌లో బాస్కెట్‌బాల్ పట్టుకుని 1984లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట, మొదటి పేరుగా ఎంపికయ్యాడు, అంత పెద్ద మనిషికి అంత చురుకైన పాదాలు ఎలా వచ్చాయంటే జనం ఇప్పటికీ ఆ గోల్‌కీపింగ్ రోజులే చెప్తారు. రెబెక్కా రొమేరో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రోయింగ్ సిల్వర్ గెలిచింది, తర్వాత సైకిల్ ఎక్కి 2008 బీజింగ్‌లో ట్రాక్ సైక్లింగ్ గోల్డ్ తెచ్చుకుంది. పడవకీ సైకిల్‌కీ చూడ్డానికి పోలిక లేదు గానీ లోపల ఇంజిన్ ఒకటే, బలమైన తొడలు, కొన్ని నిమిషాల పాటు పూర్తి శక్తితో లాగగలిగే ఊపిరి.

బాస్కెట్‌బాల్ స్టార్ టిమ్ డంకన్ కథ నాకు చాలా ఇష్టం ఎందుకంటే అది హైస్కూల్ వయసులోనే జరిగింది, పైగా తను కోరుకున్న మార్పు కూడా కాదు. కరేబియన్ సముద్రంలో ఉన్న వర్జిన్ ఐలాండ్స్ దీవుల్లో మంచి స్విమ్మర్, ఒలింపిక్స్ మీద కన్ను. 1989లో హ్యూగో తుఫాను తను ఉండే ద్వీపంలో ఉన్న ఒకే ఒక్క ఒలింపిక్ సైజు పూల్‌ని పాడుచేసింది, సముద్రంలో ప్రాక్టీస్ చెయ్యమంటే షార్కులంటే భయం. తొమ్మిదో క్లాసులో బాస్కెట్‌బాల్ మొదలుపెట్టి 1997లో డ్రాఫ్ట్‌లో నంబర్ వన్ అయ్యాడు. హైస్కూల్ అంటే ఆలస్యమైపోయింది అనుకునేవాళ్ళు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

అయితే అన్ని ఆటలూ ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఒకేలా తలుపు తియ్యవు, ఇది ఉన్నదున్నట్టు చెప్పాలి. జిమ్నాస్టిక్స్, డైవింగ్, ఫిగర్ స్కేటింగ్‌లో పైస్థాయికి వెళ్ళేవాళ్ళు చాలా చిన్నప్పుడే మొదలుపెడతారు, పదిహేనేళ్ళకి మొదలుపెడితే సరదాకి హాయిగా చెయ్యొచ్చు గానీ పైస్థాయి దాదాపు కుదరదు. రోయింగ్, ట్రాక్ సైక్లింగ్, విసిరే ఈవెంట్లు, రగ్బీ లాంటివి ఆలస్యంగా వచ్చినవాళ్ళని బాగానే కలుపుకుంటాయి. బ్రిటన్ హెలెన్ గ్లోవర్ 2008లో తెడ్డు పట్టుకుంది, అప్పటికే ఇరవై దాటేసింది, 2012లో ఒలింపిక్ గోల్డ్. మన మేరీ కోమ్ స్కూల్ రోజుల్లో 400 మీటర్ల పరుగు, జావెలిన్ చేసేవారు, 1998 ఏషియన్ గేమ్స్‌లో డింకో సింగ్ గోల్డ్ గెలవడం చూశాక మనసు బాక్సింగ్ వైపు తిరిగింది.

రెండు మూడు ఆటలు షార్ట్‌లిస్ట్ చేసుకుని ఒక్కోదానికి కనీసం మూడు సెషన్లు వెళ్ళు. ఒక్క సెషన్ చాలదు, మొదటి రోజు ప్రతిదీ కొత్తగా ఉండి బాగుంటుంది. రెండో రోజు చెత్తగా ఉంటుంది. మూడో రోజు కూడా ఇంటికెళ్ళి అద్దం ముందు ఆ షాట్ ఆడి చూసుకుంటున్నావంటే అదీ లెక్క.

స్టెప్ 3: రూల్స్ కనుక్కో

ఇది బోరింగ్ పని కానీ ఒక గంటలో అయిపోతుంది, చెయ్యకపోతే ఒక సీజన్ పోతుంది. స్కూల్ స్పోర్ట్స్ టీచర్‌ని అడుగు: సెలెక్షన్లు ఎప్పుడు, రిజిస్ట్రేషన్ ఆఖరి తేదీ ఏది, ఏజ్ గ్రూప్ ఏ తేదీ ప్రకారం లెక్కిస్తారు, సీజన్ మధ్యలో టీమ్ మారితే ఆడనిస్తారా, మెడికల్ ఫారం ఏం కావాలి. కొన్నిచోట్ల ఒకే సీజన్‌లో రెండు ఆటలకి ఆడనివ్వరు. నీకు స్కాలర్‌షిప్ గానీ హాస్టల్ సీటు గానీ పాత ఆట మీద వచ్చి ఉంటే అది ఏమవుతుందో నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ముందుకెళ్ళు.

స్టెప్ 4: చెప్పాల్సినవాళ్ళకి చెప్పడం

ఇదే అన్నిటికంటే కష్టం అనిపిస్తుంది, నేనయితే మూడు వారాలు వాయిదా వేశాను, ఈలోపు నా కోచ్‌కి వేరేవాళ్ళ ద్వారా తెలిసిపోయింది, ఆయన ముఖంలో కనిపించిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన బాధపడింది నేను వెళ్తున్నందుకు కాదు, ఆరేళ్ళు నేర్పిన మనిషికి నా నోటితో చెప్పనందుకు.

వరస ఇలా పెట్టుకో. ముందు ఇంట్లో, తర్వాత పాత కోచ్, ఆ తర్వాత టీమ్, చివరికి మిగతా ప్రపంచం. కోచ్‌కి మెసేజ్ పెట్టొద్దు, ప్రాక్టీస్ మధ్యలో అందరి ముందు కూడా వద్దు. ప్రాక్టీస్ అయ్యాక పది నిమిషాలు అడుగు. మాట ఇలా ఉంటే చాలు: "సార్, ఈ సీజన్ అయ్యాక నేను రన్నింగ్‌కి మారదామనుకుంటున్నా. చాలా రోజులు ఆలోచించాకే చెప్తున్నా. మీరు నేర్పింది నాకు అక్కడ కూడా పనికొస్తుంది. ఈ సీజన్ చివరిదాకా పూర్తిగా ఆడతా." అంతే. టీమ్‌లో వాళ్ళ తప్పులు, పాత గొడవలు అప్పుడు తవ్వొద్దు. ఆయన వాదిస్తే విను, "ఆలోచిస్తాను సార్" అని అబద్ధం మాత్రం చెప్పకు, నిర్ణయం అయిపోయి ఉంటే అయిపోయిందనే మర్యాదగా చెప్పు. గాయం గానీ పైన చెప్పిన సీరియస్ కారణాలు గానీ లేకపోతే సీజన్ మధ్యలో వదిలెయ్యొద్దు, నీ ప్లేస్‌లో ఆడేవాళ్ళని తయారుచేసుకునే టైమ్ వాళ్ళకి ఇవ్వు. కిట్, జెర్సీ, లాకర్ తాళం అన్నీ తిరిగి ఇచ్చెయ్.

ఇంట్లో సంగతి వేరు. అమ్మానాన్నలు ఫీజులు కట్టి, పొద్దున్నే నీతోపాటు లేచి, వాన్లో గ్రౌండ్ బయట నిలబడి ఉంటారు, "వదిలేస్తా" అనగానే వాళ్ళకి ఆ ఏళ్ళన్నీ కళ్ళముందు తిరుగుతాయి. కాబట్టి "వదిలేస్తా" అని మొదలుపెట్టకు. స్టెప్ 1లో రాసిన కాగితం చూపించు, ఏ ఆట, ఎక్కడ, వారానికి ఎన్ని రోజులు, ఖర్చు ఎంత, చదువు ఎలా, అన్నీ చెప్పి "ఒక సీజన్ టైమ్ ఇవ్వండి, అయ్యాక కూర్చుని మాట్లాడదాం" అని అడుగు. గడువు ఉన్న ప్లాన్‌కి పెద్దవాళ్ళు సాధారణంగా మెత్తబడతారు.

ఇది చదివే అమ్మానాన్నలకి ఒక మాట: పాత ఆట మీద పెట్టిందంతా వృథా అయిందని పిల్లల ముందు అనకండి. ఉసేన్ బోల్ట్ మొదట క్రికెట్ ఆడేవాడు, రనప్‌లో వేగం చూసి పరుగు వైపు వెళ్ళమని చెప్పింది క్రికెట్ కోచే.

స్టెప్ 5: శరీరాన్ని 12 వారాల్లో మార్చు, 12 రోజుల్లో కాదు

అన్నిటికంటే ఇక్కడ ఎక్కువ చెప్తా, ఎందుకంటే బాగా ఆడే పిల్లలే ఇక్కడ దెబ్బతింటారు. మామూలు బిగినర్‌కి ఆయాసం బ్రేక్ లాగా పనిచేస్తుంది, ఎముకకి దెబ్బ తగిలేలోపే ఆయాసంతో ఆగిపోతాడు. నీకు ఆ బ్రేక్ లేదు. ఊపిరి ఉంది కాబట్టి ఆగవు, ఆగవు కాబట్టి ఎముకకీ టెండన్‌కీ (కండని ఎముకకి కలిపే తాడు లాంటిది) అలవాటు లేని బరువు పడుతూనే ఉంటుంది. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు పాత పదార్థాన్ని కరిగించుకుని తర్వాత కొత్తది కడుతుంది, ఆ కట్టడానికి నెలలు పడుతుంది, అందుకే మొదటి కొన్ని వారాలు అది ఇంకా బలహీనంగా ఉండే అవకాశం ఉంది. కండ తొందరగా బలపడుతుంది, టెండన్ నెమ్మది. పైగా ఈ వయసులో ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు, అంటే ఎముక పెరిగే మెత్తటి భాగాలు, ఇంకా మూసుకోవు, మోకాలి కింద బుడిపె దగ్గర, మడమ వెనక వచ్చే నొప్పులు చాలావరకు అక్కడివే.

ఏ మార్పులో ఎక్కడ జాగ్రత్త? ఈత నుంచి పరుగుకి వస్తే పిక్క ముందు ఎముక, పాదం. పరుగు లేదా ఫుట్‌బాల్ నుంచి ఈతకి, టెన్నిస్‌కి, వాలీబాల్‌కి వెళ్తే భుజం. ఎక్కువ ఎగిరే ఆటలకి, అంటే బాస్కెట్‌బాల్, వాలీబాల్‌కి వెళ్తే మోకాలి చిప్ప కింద టెండన్, చీలమండ. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ కొత్తగా మొదలుపెడితే నడుము, వారానికి ఎన్ని బంతులు వేస్తున్నావో లెక్కపెట్టి మరీ వెయ్యి. కుస్తీ, జూడోకి వెళ్తే ముందు నెల రోజులు పడడం నేర్చుకో, తర్వాతే పడేయడం.

మొదటి 4 వారాలు: కొత్త ఆట వారానికి మూడు రోజులు, వరసగా రెండు రోజులు పెట్టకుండా. మిగతా రోజుల్లో ఊపిరి తగ్గకుండా పాత ఆట తేలికగా చేసుకో, నేను ఇదే చేసి ఉంటే, మూడు రోజులు పరుగు, రెండు రోజులు ఈత పెట్టుకుని ఉంటే, ఆ రెండు నెలలు పోయేవి కావు. పరుగుకి వచ్చేవాళ్ళు అయితే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టు, అవమానంగా అనిపించినా సరే. సెషన్ అయ్యాక "ఇంకా చెయ్యగలను" అనిపించాలి, అనిపించకపోతే ఎక్కువ చేశావని.

5 నుంచి 8 వారాలు: నాలుగు రోజులు. ఇప్పుడు వేగం, జంప్, దిశ మార్చడం కొంచెం కొంచెం కలుపు. ఒకే వారంలో సమయాన్నీ వేగాన్నీ రెండూ పెంచొద్దు, ఏదో ఒకటే.

9 నుంచి 12 వారాలు: టీమ్‌తో పూర్తి ప్రాక్టీస్, ప్రాక్టీస్ మ్యాచ్‌లు, కోచ్ చెప్పినంతవరకు. మధ్యలో ప్రతి నాలుగో వారం మొత్తం ప్రాక్టీస్ కొంచెం తగ్గించు, శరీరం కట్టుకునేది ఆ తగ్గించిన వారంలోనే.

మొత్తం గంటలకి ఒక సులభమైన లెక్క ఉంది. వారానికి ఆట గంటలు నీ వయసు దాటొద్దు. 14 ఏళ్ళయితే పాత ఆట, కొత్త ఆట, జిమ్ అన్నీ కలిపి 14 గంటల లోపు. వయసుకి మించిన గంటలు ఆడిన పిల్లల్లో తీవ్రమైన ఓవర్‌యూజ్ గాయాలు (ఒకే చోట మాటిమాటికీ బరువు పడి వచ్చేవి) ఎక్కువగా కనిపించాయని స్టడీలు ఉన్నాయి. మారే టైమ్‌లో చాలామంది చేసే తప్పు ఇక్కడే, రెండు ఆటలూ ఫుల్లుగా ఆడేస్తారు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టు, ఇద్దరు కోచ్‌లకీ రెండో కోచ్ ఎంత చేయిస్తున్నాడో తెలీదు. ఇద్దరికీ నీ వారం టైమ్‌టేబుల్ చూపించాల్సింది నువ్వే.

వార్మప్ మానొద్దు. ఫుట్‌బాల్ కోసం తయారుచేసిన ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ సుమారు 20 నిమిషాలు, మెల్లగా పరుగు, బలం, బ్యాలెన్స్, జంప్ చేసి మెత్తగా దిగడం అన్నీ ఉంటాయి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల టీముల మీద పెద్ద ఎత్తున పరీక్షించి 2008లో ఫలితాలు ఇచ్చారు, మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. నువ్వు వెళ్ళేది వేరే ఆటకైనా దీంట్లో దిగడం, మలుపు తిరగడం నేర్పే భాగాలు పనికొస్తాయి. బరువులు ఎత్తితే ఎత్తు పెరగరు అన్న మాట నమ్మకు, సరైన పద్ధతి నేర్పేవాళ్ళు పక్కనుంటే ఈ వయసులో స్ట్రెంగ్త్ ట్రైనింగ్ సురక్షితమే. వారానికి రెండుసార్లు స్క్వాట్లు, ఒంటికాలి మీద చేసేవి, పిక్కల కోసం మడమలు ఎత్తడం, పుషప్‌లు, ప్లాంక్ చాలు.

నొప్పి విషయంలో నా రూల్: రెండు కాళ్ళలో కండలంతా పట్టేసినట్టు ఉండి రెండు రోజుల్లో తగ్గితే మామూలు. ఒక వేలితో చూపించగలిగే చోట నొప్పి, రాత్రి పడుకున్నా ఉండే నొప్పి, నడక మార్చేసే నొప్పి, ఆడేకొద్దీ పెరిగే నొప్పి, ఈ నాలుగింట్లో ఏది ఉన్నా ఆ రోజు ఆట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, అయోమయంగా ఉన్నా, వాంతి వచ్చినా ఆ రోజు మళ్ళీ గ్రౌండ్‌లోకి అడుగు పెట్టొద్దు, డాక్టర్ సరే అనేదాకా అంతే.

నిద్ర 8 నుంచి 10 గంటలు. తిండి తగ్గించొద్దు, ముఖ్యంగా వెయిట్ కేటగిరీలు ఉండే ఆటలకి మారేవాళ్ళు, కొత్తలోనే నీళ్ళు మానేసి, తిండి మానేసి బరువు దింపమని ఎవరైనా చెప్తే వినొద్దు, ఉన్న బరువు కేటగిరీలోనే ఆడు. ఇంకోటి, పాత ఆట షూస్‌తో కొత్త ఆట ఆడొద్దు, పక్కకి ఎక్కువ కదిలే ఆటలకి రన్నింగ్ షూస్ వేసుకుంటే చీలమండ మెలిపడొచ్చు.

స్టెప్ 6: మళ్ళీ అ ఆ లు దిద్దడం

నిన్నటిదాకా టీమ్‌లో మొదటి పేరు నీది, ఇవాళ నీకంటే రెండేళ్ళు చిన్న పిల్ల నిన్ను సులభంగా దాటేసి వెళ్తుంది. ఇది తట్టుకోలేక మొదటి నెలలోనే వెనక్కి వచ్చేసినవాళ్ళని చూశాను. కాబట్టి మొదటి సీజన్‌లో గెలుపు ఓటములు కొలవొద్దు, పోయిన నెల నువ్వు ఎలా చేశావో దాంతోనే కొలుచుకో. ఒక నోట్‌బుక్ పెట్టు, ప్రతి ప్రాక్టీస్ తర్వాత రెండు లైన్లు, ఇవాళ ఏం కుదిరింది, రేపు ఏం అడగాలి. పదిలో ఎన్ని సర్వీసులు లోపల పడ్డాయి లాంటి ఒక చిన్న అంకె కూడా రాసుకో. నెల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే అప్పుడు తెలుస్తుంది ఎంత దూరం వచ్చావో, రోజువారీగా అస్సలు తెలీదు.

వచ్చి అడ్డం పడేవి ఉంటాయని మొదట్లో అన్నాను కదా, అవి ఇక్కడే బయటపడతాయి. టెన్నిస్‌లో మణికట్టు గట్టిగా పెట్టి భుజంతో కొట్టడం అలవాటైన చెయ్యి బ్యాడ్మింటన్‌లో ముంజేతిని చురుగ్గా తిప్పాల్సిన చోట బిగుసుకుపోతుంది. ఫుట్‌బాల్ నుంచి బాస్కెట్‌బాల్‌కి వచ్చినవాళ్ళు చేతిలో బంతి ఉన్నప్పుడు రెండడుగులు ఎక్కువ వేసేస్తారు. క్రికెట్‌లో బంతిని కింద పిచ్ అయ్యాక ఆడే కన్ను బేస్‌బాల్‌లో నేరుగా వచ్చే బంతికి తడబడుతుంది. ఒత్తిడి పెరిగితే పాత అలవాటే ముందు బయటికొస్తుంది, అది నీ చేతకానితనం కాదు, ఏళ్ళ తరబడి నేర్చిన చెయ్యి అంత తొందరగా మర్చిపోదు. మందు ఏంటంటే మొదట నెమ్మదిగా, ఎదురు ఎవరూ లేకుండా, ఒకసారికి ఒక్క విషయం మీదే దృష్టి పెట్టి చెయ్యడం. ఫోన్‌తో వీడియో తీసి చూసుకో, నీకు సరిగ్గా చేస్తున్నట్టు అనిపించేదానికీ నిజంగా జరిగేదానికీ చాలా తేడా ఉంటుంది.

రూల్స్ పుస్తకం ఒకసారి పూర్తిగా చదువు. చిన్న పిల్లల మ్యాచ్‌లకి స్కోరర్‌గా, లైన్ దగ్గర అంపైర్‌గా నిలబడే అవకాశం వస్తే వదలకు, నెలలో వచ్చే జ్ఞానం వారంలో వస్తుంది.

స్టెప్ 7: కొత్త టీమ్‌లో కలవడం

"మా పాత టీమ్‌లో ఇలా చేసేవాళ్ళం" అన్న మాట మొదటి రెండు నెలలు నోట్లోంచి రానివ్వకు. నువ్వు వచ్చావంటే ఎవరో ఒకరి ప్లేస్‌కి పోటీ వచ్చినట్టే, వాళ్ళు మొదట్లో ముభావంగా ఉంటే అది సహజం. అందరికంటే ముందు రా, కోన్లు సర్దు, బంతులు ఏరు, పేర్లు గుర్తుపెట్టుకో. బెంచ్ మీద కూర్చోబెడితే ఊరికే కూర్చోకుండా నువ్వు ఆడబోయే పొజిషన్‌లో ఉన్న ఒక్క ప్లేయర్‌నే చూడు, బంతి అటు లేనప్పుడు వాళ్ళు ఎక్కడ నిలబడుతున్నారో చూడు.

కొత్త కోచ్‌ని మొదటి వారంలోనే అడగాల్సింది ఒకటుంది: "నా పాత ఆట నుంచి నాకున్నది ఏది ఇక్కడ పనికొస్తుంది, ఏది ముందు మానుకోవాలి?" మంచి కోచ్ అయితే ఈ ఒక్క ప్రశ్నకే నీ మీద శ్రద్ధ పెడతారు. పాత గాయాలు దాచకుండా అన్నీ చెప్పు.

స్టెప్ 8: సీజన్ అయ్యాక కూర్చుని తేల్చుకో

మొదలుపెట్టిన రోజే క్యాలెండర్‌లో ఒక తేదీ గుర్తు పెట్టుకో, ఆ తేదీ దాకా వెళ్ళిపోదామా ఉందామా అన్న ప్రశ్న వేసుకోకు, ప్రతి చెడ్డ ప్రాక్టీస్ తర్వాత అదే ప్రశ్న వేసుకుంటే మనిషి అలసిపోతాడు. ఆ తేదీన నోట్‌బుక్ తీసి, స్టెప్ 1 కాగితం పక్కన పెట్టి చదువు. అప్పుడు వేధించిన విషయం ఇప్పుడు లేదా? ప్రాక్టీస్‌కి వెళ్ళడం బరువుగా ఉందా తేలికగా ఉందా? నోట్‌బుక్‌లో అంకెలు కదిలాయా? ఇంట్లోవాళ్ళకి మాట ఇచ్చావు కాబట్టి వాళ్ళతో కలిసి చదువు.

వెనక్కి వెళ్ళాలనిపిస్తే వెళ్ళొచ్చు. ఆస్ట్రేలియా టెన్నిస్ ప్లేయర్ యాష్లీ బార్టీ 2014లో టెన్నిస్ ఆపేసి, 2015-16 సీజన్‌లో బ్రిస్బేన్ హీట్ తరఫున క్రికెట్ ఆడి, 2016లో మళ్ళీ టెన్నిస్‌కి వచ్చింది. 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్, 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. స్టెప్ 4లో పాత కోచ్‌తో మర్యాదగా మాట్లాడమన్నది ఇందుకు కూడా, ఆ తలుపు తెరిచే ఉండాలి.

అయితే వెనక్కి వెళ్ళినా స్టెప్ 5 మళ్ళీ వర్తిస్తుంది. ఏడాది ఈత మానేసిన భుజం పాత దూరాలకి సిద్ధంగా ఉండదు, నీకు ఈత వచ్చు కాబట్టి నీళ్ళలో దిగగానే పాత స్పీడ్ కోసం చూస్తావు, మళ్ళీ అదే బ్రేకుల్లేని కథ. పాత ప్రాక్టీస్‌లో సగం కంటే తక్కువతో మొదలుపెట్టి నెల రోజులు టైమ్ చూసుకోకుండా ఈదు, గడియారం ఆ తర్వాత పట్టుకో.